విదేశీ ఆసుపత్రి ఎంత భద్రం? గుర్తింపు పత్రం చెప్పేదెంత, చెప్పనిదెంత

క్లుప్తంగా

విదేశీ ఆసుపత్రికి ఉన్న అంతర్జాతీయ గుర్తింపు ఆ సంస్థ పద్ధతుల గురించి చెబుతుంది. ఫలానా డాక్టరు చేసే ఫలానా ఆపరేషన్ ఎలా ముగుస్తుందో దాని వల్ల తెలియదు. పైగా కొన్ని ఇబ్బందులు ఆపరేషన్ అయిన వారాల తర్వాత గానీ బయటపడవు. అప్పటికి రోగి ఇంటికి చేరి ఉంటాడు కాబట్టి అవి ఆ ఆసుపత్రి లెక్కల్లోకి ఎక్కవు. అందుకని భవనం కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: కత్తి పట్టేది ఎవరు, మత్తు ఇచ్చేది ఎవరు, పరిస్థితి విషమిస్తే ఐసీయూ, రక్తం ఎక్కడి నుంచి వస్తాయి, తిరిగొచ్చాక విజయవాడలోనో గుంటూరులోనో ఆ కేసును ఎవరు చూస్తారు.

నలుగురిని అడిగి తెలుసుకునే వీలు లేనిచోట

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆపరేషన్‌కు డాక్టరును ఎలా ఎంచుకుంటారో అందరికీ తెలిసిందే. ఫలానా వారి బావగారికి మోకీలు మార్చింది ఎవరు, ఆయన ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నారా, బిల్లు ముందు చెప్పినంతే వేశారా, రాత్రి పిలిస్తే డాక్టరు వచ్చారా అని నలుగురినీ వాకబు చేస్తారు. పల్నాడు నుంచో ఏలూరు వైపు నుంచో వచ్చే కుటుంబాలకూ ఊళ్లో ఎవరో ఒకరి అనుభవమే దారి చూపిస్తుంది. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. కానీ ఒక బలం ఉంది. ఆపరేషన్ అయిన ఏడాదికి ఆ మనిషి ఎలా ఉన్నాడో కళ్లారా చూసినవాళ్లు చెప్పే మాట అది.

బ్యాంకాక్‌కో ఇస్తాంబుల్‌కో వెళ్లేటప్పుడు ఈ ఆసరా ఉండదు. ఇప్పుడు అలా వెళ్తున్నవారిలో ప్రధానంగా మూడు రకాల కుటుంబాలు కనిపిస్తాయి. పిల్లలు సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో అమెరికాలోనో స్థిరపడటంతో అక్కడే చూపించుకోవాలనుకునే పెద్దవాళ్లు ఒక రకం. జుట్టు మార్పిడి, బరువు తగ్గే ఆపరేషన్, ముఖానికీ శరీరానికీ చేసే కాస్మెటిక్ సర్జరీల కోసం ఫోన్‌లో ప్రకటన చూసి వెళ్లే యువత రెండో రకం. ఇక్కడ ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక ఆఖరి ఆశగా బయల్దేరేవారు మూడో రకం. ముగ్గురి అవసరాలూ వేరు, ముగ్గురికీ ఎదురయ్యే ప్రమాదాలూ వేరే. తెలిసినవారి మాట లేని లోటును మాత్రం ముగ్గురికీ ఒకే రకంగా భర్తీ చేస్తున్నారు: ఆసుపత్రి వెబ్‌సైట్, వాట్సాప్‌లో వచ్చే వీడియో, మధ్యలో ఉండే ఏజెంటు.

ఏజెంటు పాత్ర ఎలాంటిదో ఇక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. పల్లెల్లో ఆర్‌ఎంపీ పట్నం ఆసుపత్రికి కేసు పంపితే కమీషన్ ముడుతుందన్న సంగతి ఎవరికీ కొత్త కాదు. మెడికల్ టూరిజం ఏజెంటు ఆదాయం కూడా చాలావరకు ఆసుపత్రి ఇచ్చే వాటాయే. దీన్ని మోసమని అనలేం. వీసా, టికెట్లు, దుబాసీ, బస లాంటివి చూసిపెట్టడం నిజమైన సేవే. కానీ వాటా ఇచ్చే ఆసుపత్రులే అతని జాబితాలో ఉంటాయి, ఇవ్వనివి రోగి కంట పడవు. ఏజెంటు చూపించిన మూడు ఆసుపత్రుల్లో ఏది మంచిదని తర్జనభర్జన పడేవారు, ఆ మూడే ఎందుకన్న ప్రశ్న దాకా వెళ్లరు.

లైసెన్సు, గుర్తింపు, ర్యాంకు: మూడూ ఒకటి కావు

ఆసుపత్రి గోడ మీద నాలుగైదు ముద్రలు కనబడితే అన్నీ కలిసి ఒకే భరోసా ఇస్తున్నట్టు అనిపిస్తుంది. వాటి వెనకున్న పని మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేనిది.

మొదటిది లైసెన్సు. అది ప్రభుత్వం ఇచ్చేది, తప్పనిసరి. మన రాష్ట్రంలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. అలాంటి ఏర్పాటే ఏదో ఒక రూపంలో అన్ని దేశాల్లోనూ ఉంటుంది. టర్కీ 2017 నుంచి ఇంకో అడుగు ముందుకు వేసింది. విదేశీ రోగులకు వైద్యం చేసే సంస్థలూ, వారిని తీసుకొచ్చే మధ్యవర్తి సంస్థలూ ఆరోగ్యశాఖ నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్న నిబంధన పెట్టింది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆసుపత్రి మంచిదని కాదు. లేకపోతే మాత్రం ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదు.

రెండోది అక్రిడిటేషన్, అంటే నాణ్యతా గుర్తింపు. ఇది స్వచ్ఛందం. ఆసుపత్రే డబ్బు కట్టి బయటి సంస్థను పిలిపించుకుంటుంది. ప్రపంచంలో ఎక్కువగా వినిపించే పేరు జేసీఐ, అంటే జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్. అమెరికాకు చెందిన ఈ సంస్థ 1999లో బ్రెజిల్‌లోని సావో పాలో ఆసుపత్రితో విదేశీ గుర్తింపులు మొదలుపెట్టింది. ఆసియాలో మొదట 2002లో బ్యాంకాక్‌లోని బమ్రున్‌గ్రాడ్ ఆసుపత్రికి, భారత్‌లో మొదట 2005లో ఢిల్లీ ఇంద్రప్రస్థ అపోలోకు ఇది దక్కింది. మన దేశంలో ఇలాంటి పనే చేసేది ఎన్ఏబీహెచ్. విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల బోర్డుల మీద ఆ ముద్రను చాలామంది చూసే ఉంటారు.

జేసీఐ పరిశీలకులు రోగిని సరిగ్గా గుర్తిస్తున్నారా, ఫోన్‌లో చెప్పిన మందును తిరిగి చదివి ఖరారు చేసుకుంటున్నారా, ప్రమాదకరమైన మందులను విడిగా భద్రపరుస్తున్నారా, ఎడమ కాలికి చేయాల్సిన ఆపరేషన్ కుడి కాలికి జరగకుండా ఏం చేస్తున్నారు, చేతులు శుభ్రం చేసుకుంటున్నారా, రోగి మంచం మీంచి పడిపోకుండా ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు లాంటివి చూస్తారు. ఇవన్నీ ప్రాణాల మీదికి వచ్చే విషయాలే, తీసిపారేసేవి కావు. కానీ ఆ తనిఖీ మూడేళ్లకోసారి కొన్ని రోజులపాటు జరిగేది. వంటగది శుభ్రంగా ఉందని ఇచ్చిన సర్టిఫికెట్ ఇవాళ్టి పులుసు ఎలా కుదిరిందో చెప్పదు కదా. ఇదీ అంతే.

గుర్తింపు వల్ల ఫలితాలు నిజంగా మెరుగుపడతాయా అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో సుమారు 4,400 ఆసుపత్రుల సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో బీఎంజే పత్రికలో వచ్చింది. స్వతంత్ర సంస్థల గుర్తింపు పొందిన ఆసుపత్రులకూ, ప్రభుత్వ తనిఖీతో సరిపెట్టుకున్నవాటికీ మధ్య మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. అలాగని గుర్తింపు దండగ అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ తనిఖీ గట్టిగా ఉన్న అమెరికాలో వచ్చిన ఫలితం అది. తనిఖీ బలహీనంగా ఉండే దేశంలో బయటివాళ్లు వచ్చి చూడటానికి విలువ ఎక్కువే. దాన్ని వడపోతలో మొదటి మెట్టుగా వాడుకోవచ్చు. నిర్ణయానికి మాత్రం అదొక్కటే సరిపోదు.

ముద్ర నిజమా కాదా అని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. గుర్తింపు ఇచ్చే సంస్థ వెబ్‌సైట్‌లోనే దేశం, ఊరు, ఆసుపత్రి పేరు కొట్టి వెతకాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గుర్తింపు ఒక చిరునామాకు ఇస్తారు, ఒకే పేరుతో నడిచే ఆసుపత్రులన్నిటికీ కలిపి ఇవ్వరు. ప్రధాన ఆసుపత్రికి ఉన్న ముద్రను ఊరి చివర కొత్తగా తెరిచిన శాఖ బ్రోచర్‌లోనూ వేసేస్తుంటారు. రోగి తెలిసో తెలియకో చేరేది ఆ శాఖలో. పేరు ఎప్పుడూ వినని సంస్థ ముద్ర కనబడితే ఆ సంస్థకు ఇస్క్వా ఆమోదం ఉందో లేదో చూడాలి. గుర్తింపు ఇచ్చే సంస్థలకే గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ వేదిక అది. ఐఎస్ఓ 9001 లాంటివి సంస్థ నిర్వహణ పద్ధతులకు సంబంధించినవి, ఏ ఫ్యాక్టరీ అయినా తెచ్చుకోవచ్చు. పత్రికలు వేసే ర్యాంకుల్లో పేరుప్రఖ్యాతులకు పెద్ద వాటా ఉంటుంది. అవార్డుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

లెక్కలోకి రాని రోగులు

అసలు చిక్కు ఇక్కడుంది. ఏ ఆసుపత్రి ఎంత భద్రమో చెప్పడానికి అంకెలు కావాలి: ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎంతమందిని మళ్లీ చేర్చుకోవాల్సి వచ్చింది. స్థానిక రోగి విషయంలో ఈ లెక్క కొంతైనా తేలుతుంది. కుట్ల దగ్గర చీము పడితే అతను వచ్చేది అదే డాక్టరు దగ్గరికి. విదేశీ రోగి అలా రాడు. అయిదో రోజునో పదో రోజునో విమానం ఎక్కేస్తాడు. మూడో వారంలో గాయం ఎర్రబడితే గుంటూరులో దగ్గర్లోని నర్సింగ్‌ హోమ్‌కు వెళ్తాడు. అక్కడ చీము తీసి కట్టు కట్టిన డాక్టరు ఆ సంగతి ఇస్తాంబుల్‌కు ఉత్తరం రాయడు. ఇస్తాంబుల్ క్లినిక్ రికార్డులో ఆ రోగి ఎలాంటి ఇబ్బందీ లేకుండా ఇంటికెళ్లినట్టే ఉంటుంది. విదేశీయుల్లో ఇన్ఫెక్షన్ రేటు చాలా తక్కువని ఆ క్లినిక్ చెబితే అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. ఆ అంకె కొలిచింది మాత్రం రోగి అక్కడున్న ఆ కొద్ది రోజుల్నే.

డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీలు చేయించుకుని వచ్చిన అమెరికా మహిళల్లో మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్లు దీనికి మంచి ఉదాహరణ. 2003–04లో ఒకసారి, 2013–14లో మరోసారి ఇవి బయటపడ్డాయి. నీళ్లలో, మట్టిలో బతికే ఈ క్రిమి సరిగ్గా శుభ్రం కాని పరికరాల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక గడ్డలుగా తేలుతుంది. ఈ కేసుల్ని ఒకదానితో ఒకటి కలిపి చూసి, మూలం ఫలానా దేశంలోని ఆపరేషన్లని పట్టుకున్నది రోగుల సొంత దేశంలోని ఆరోగ్యశాఖలు, వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ.

ఇదే క్రిమి మన దగ్గర ఇంకో ఇబ్బంది తెచ్చిపెడుతుంది. క్షయ క్రిమికి దగ్గరి బంధువు కావడంతో పరీక్షలో రెండూ ఒకేలా కనిపించే అవకాశం ఉంది. క్షయ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మానని గాయాన్ని చూడగానే ముందు తట్టేది టీబీయే. కోర్సు మొదలుపెడతారు. మామూలు టీబీ మందులకు ఇది పెద్దగా లొంగదు, నెలలు వృథా అవుతాయి. ఆపరేషన్ ఎక్కడ, ఎప్పుడు జరిగిందో డాక్టరుకు ముందే చెప్పి, చీమును ఏ జాతి క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపమని అడగడం వల్ల ఈ నష్టం తప్పుతుంది. ఫారిన్‌లో సర్జరీ చేయించుకున్నామని చెప్పడానికి మొహమాటపడి చాలామంది ఆ ఒక్క మాటా దాచేస్తారు. కాస్మెటిక్ సర్జరీల విషయంలో మరీను.

ప్రకటనల్లో కనిపించే విజయాల శాతాన్నీ ఇదే కంటితో చూడాలి. ఐవీఎఫ్ సెంటర్ 60 శాతం సక్సెస్ అంటే పరీక్షలో గర్భం నిర్ధారణ అయినవారి లెక్కా, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవారి లెక్కా? ఏ వయసు వారిలో? గుండె ఆపరేషన్లలో మరణాలే లేవని చెప్పే ఆసుపత్రి కష్టమైన కేసుల్ని తిప్పి పంపుతూ ఉండొచ్చు. మరణాల రేటు కాస్త ఎక్కువగా ఉన్న పెద్దాసుపత్రి ఎవరూ ముట్టని కేసుల్ని చేర్చుకుంటూ ఉండొచ్చు. కొన్ని దేశాల్లో ఈ తేడాలను సర్దుబాటు చేసి వివరాలను బయటపెట్టే ఏర్పాట్లున్నాయి. అమెరికాలో లీప్‌ఫ్రాగ్ సంస్థ 2012 నుంచి ఆసుపత్రులకు భద్రత విషయంలో ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తోంది. ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ తనిఖీ నివేదికల్ని ఎవరైనా చదువుకోవచ్చు. వైద్యం కోసం మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఆసియా దేశాల్లో ఇంత విప్పిచూపే పద్ధతి అరుదు.

కొటేషన్‌లో కనిపించని పేరు

ఏజెంటు పంపే కొటేషన్ ఒకటి తీసి చూస్తే ఎయిర్‌పోర్ట్ పికప్, నాలుగు నక్షత్రాల హోటల్, దుబాసీ, ఆపరేషన్, మందులు, ఏడాది పాటు వాట్సాప్ సపోర్ట్ అన్నీ వరుసగా ఉంటాయి. సర్జన్ పేరు ఉండాల్సిన చోట మా నిపుణుల బృందం అని ఉంటుంది. మత్తు డాక్టరు ప్రస్తావన అసలే ఉండదు. హోటల్ పేరు తెలిసి సర్జన్ పేరు తెలియకుండా అడ్వాన్సు కట్టడం పెద్ద పొరపాటు.

జుట్టు మార్పిడిలో ఇది మరీ ఎక్కువ. ఈ రంగంలోని అంతర్జాతీయ సర్జన్ల సంఘం, ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్, లైసెన్సు లేని టెక్నీషియన్లే ఆపరేషన్ మొత్తం కానిచ్చేసే క్లినిక్‌ల మీద చాలాకాలంగా ప్రచారోద్యమం నడుపుతోంది. డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, గాట్లు పెట్టేది వేరొకరు. అడగాల్సింది నేరుగా, రాతపూర్వకంగా: తల మీద గాటు ఎవరు పెడతారు, ఒక రోజులో ఆ డాక్టరు ఎంతమందికి చేస్తారు?

పేరు చేతికొస్తే మిగతాది సులువు. డాక్టర్ల నమోదును చాలా దేశాలు ఆన్‌లైన్‌లో పెట్టాయి. సింగపూర్ మెడికల్ కౌన్సిల్, థాయిలాండ్ మెడికల్ కౌన్సిల్, దుబాయ్ హెల్త్ అథారిటీ జాబితాల్లో పేరు కొట్టి లైసెన్సు ఉందో లేదో చూడొచ్చు. ఆ తర్వాత అడగాల్సింది సంఖ్య: ఇదే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? కష్టమైన ఆపరేషన్లలో ఎక్కువగా చేసే చేతుల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటాయని 1970ల నుంచి వచ్చిన పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. క్లోమగ్రంథి, అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్లలో ఈ తేడా మరీ స్పష్టం. సర్జన్ వయసు కంటే, విదేశీ డిగ్రీల కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

ఆసుపత్రి లోపలి క్రమశిక్షణ ఎలా ఉందో పసిగట్టడానికి ఒక ఆనవాలు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో సర్జరీ చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు, గాటు పెట్టే ముందు, రోగిని బయటకు తెచ్చే ముందు అందరూ ఆగి పైకి చదువుకోవాలి: రోగి పేరు, ఏ వైపు, ఏ ఆపరేషన్, అలర్జీలు, వాడిన దూది, పరికరాల లెక్క. ఢిల్లీ సహా 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో దీన్ని ప్రయత్నించి 2009లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. చెక్‌లిస్టు వాడతారా అని అడిగితే వాడతామనే అంటారు. గాటు పెట్టే ముందు ఏం చదువుతారో చెప్పమంటే వెంటనే చెప్పగలుగుతున్నారా, తడుముకుంటున్నారా అన్నది చూడాలి.

విషమించినప్పుడు ఏముంటుంది?

చాలా కాస్మెటిక్ క్లినిక్‌లు చిన్నవి. ఆపరేషన్ థియేటర్ మెరుస్తూ ఉంటుంది, ఐసీయూ ఉండదు. మత్తులో ఊపిరి ఆగినా, రక్తస్రావం ఆగకపోయినా అంబులెన్స్‌లో వేరే ఆసుపత్రికి పంపాలి. ఆ ఆసుపత్రి ఏది, ఎంత దూరం, ఒప్పందం ఉందా, ఆ బిల్లు ఎవరిది అన్నవి ప్యాకేజీలో రాసి ఉండవు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్కువ భాగం దేశంలో జరిగే వైద్యానికే పరిమితం. ట్రావెల్ ఇన్సూరెన్స్ అనుకోకుండా వచ్చే జబ్బుకు పనికొస్తుంది గానీ, ముందే అనుకుని వెళ్లిన ఆపరేషన్‌కూ దాని ఇబ్బందులకూ సాధారణంగా వర్తించదు.

రక్తం సంగతి చాలామందికి తట్టదు. మన దేశంలో నూటికి అయిదుగురి దాకా నెగెటివ్ గ్రూపు వారుంటారు. థాయిలాండ్ లాంటి దేశాల్లో నూటికి ఒక్కరు కూడా ఉండరు. బీ నెగెటివ్ ఉన్న మనిషి విజయవాడలో ఆపరేషన్‌కు వెళ్తే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టగానే సాయంత్రానికి దాత దొరకొచ్చు. బ్యాంకాక్‌లో అదే గ్రూపు రక్తం ముందుగా చెప్పి సిద్ధం చేయించుకోవాల్సిన విషయం. నెగెటివ్ గ్రూపు వారు పెద్ద ఆపరేషన్‌కు వెళ్తుంటే తేదీ ఖరారు కాకముందే దీన్ని రాయించుకోవాలి.

క్రిములు రెండు దిక్కులా ప్రయాణిస్తాయి

2023లో మెక్సికోలోని మాటమోరోస్ పట్టణంలో రెండు క్లినిక్‌లలో వెన్నులో మత్తు తీసుకుని కాస్మెటిక్ సర్జరీలు చేయించుకున్న అమెరికన్లకు ఫంగస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చి పది మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది ఇస్తాంబుల్, ఇజ్మీర్‌లలో బరువు తగ్గడానికి కడుపులో బొటాక్స్ ఇంజెక్షన్లు వేయించుకున్నవారిలో బొటులిజం, అంటే ఆ విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు, బయటపడింది. యూరప్ అంతటా 70 మందికి పైగా దాని బారిన పడ్డారు. వారిలో ఎక్కువమంది ఇస్తాంబుల్‌లోని ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నవారు. ఆ మందుకు ఆ పని కోసం ఆమోదమే లేదు. ఈ రెండో ఘటనను మరికాస్త నిదానంగా చూడాలి. భవనం, డాక్టరు, పరికరాలు అన్నీ సక్రమంగా ఉన్నా, చేసే పనికే ఆమోదం లేకపోతే ఏ గుర్తింపూ కాపాడదు. ఈ వైద్యాన్ని రోగి సొంత దేశంలో ఎందుకు చేయడం లేదన్న ప్రశ్నకు ఖరీదు తక్కువ అన్న జవాబు వేరు, అనుమతి లేదు అన్న జవాబు వేరు.

అలాగని ప్రమాదమంతా విదేశాల్లోనే ఉందనుకుంటే అది సగం నిజమే. యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎన్‌డీఎం-1 రకం క్రిమిని ఢిల్లీలో వైద్యం తీసుకుని 2008లో స్వీడన్ తిరిగెళ్లిన రోగిలో గుర్తించి, ఆ పేరులో న్యూఢిల్లీని చేర్చారు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, పేరు మాత్రం నిలిచిపోయింది. మందుల షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ దొరికే మన దగ్గర మొండి క్రిములు ఎలాంటి లక్షణాలూ లేకుండానే పేగుల్లో ఉండిపోవడం మామూలు. నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో బయటి ఆసుపత్రిలో ఉండి వచ్చిన రోగిని ముందు విడిగా ఉంచి పరీక్షిస్తారు. విజయవాడ నుంచి వెళ్లిన పెద్దాయనకు సింగపూర్‌లోనో యూరప్‌లోనో అలా చేస్తే చిన్నచూపు చూశారని నొచ్చుకోవాల్సిన పనిలేదు. ఆ పరీక్ష పట్టుగా చేసే ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల విషయంలో జాగ్రత్తగా ఉందనడానికి అదొక గుర్తు. ఏడాదిలోపు ఇక్కడ ఆసుపత్రిలో ఉండి ఉంటే, ఏయే యాంటీబయాటిక్స్ వాడారో ఆ వివరాలు ముందే పంపడం రోగికే మేలు.

తిరుగు ప్రయాణం కూడా వైద్యంలో భాగమే

ప్యాకేజీలు రోజుల లెక్కన అమ్ముడవుతాయి కాబట్టి తిరుగు టికెట్ తేదీ ముందే పడిపోతుంది. శరీరం ఆ తేదీని పట్టించుకోదు. విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉన్నంతే ఉంటుంది, దానివల్ల ఒంట్లో చిక్కుకున్న వాయువు సుమారు 30 శాతం ఉబ్బుతుంది. ఛాతీ, కడుపు ఆపరేషన్ల తర్వాత కనీసం 10 రోజులు, ముఖానికి చేసే కాస్మెటిక్ సర్జరీల తర్వాత 7 నుంచి 10 రోజులు ఆగాలని సీడీసీ సూచన. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెట్టినవారు అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎక్కితే చూపే పోవచ్చు. మోకీలు, తుంటి ఆపరేషన్ల తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం వారాల తరబడి ఉంటుంది, గంటల కొద్దీ కదలకుండా కూర్చోవడం దాన్ని పెంచుతుంది. దిగిన రోజే ఆపరేషన్, నాలుగో రోజు తిరుగు ప్రయాణం అని రాసిన ప్యాకేజీని ఈ లెక్కలతో పోల్చి చూడాలి.

చేతికొచ్చే కాగితాలు కూడా అంతే ముఖ్యం. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఉండాలి. మందుల బ్రాండు పేర్లు అక్కడివి ఇక్కడ దొరకవు కాబట్టి జెనరిక్ పేరు ఉండాలి. ఆపరేషన్ నోట్స్, మత్తు రికార్డు, స్కానింగ్ సీడీ విడిగా అడిగి తీసుకోవాలి. ఒంట్లో ఏదైనా అమర్చితే దాని డబ్బా మీద కంపెనీ, మోడల్, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి రోగి ఫైల్లో అతికించాలి. ఈ స్టిక్కర్ విలువ ఏఎస్ఆర్ తుంటి కీలు వ్యవహారంలో తెలిసొచ్చింది. లోపాల వల్ల 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్న ఆ కీలును మన దేశంలో సుమారు 4,700 మందికి అమర్చారు. వారిలో చాలామంది ఆచూకీ ఏళ్ల తరబడి దొరకలేదు. సొంత దేశంలోనే అలా ఉంటే, బ్యాంకాక్‌లో అమర్చిన కీలు గురించి గుంటూరు రోగికి కబురు ఎలా అందుతుంది?

సంక్రాంతి సెలవుల్లో పళ్లు

మన రెండు నగరాలూ ఈ కథలో రెండో వైపు కూడా ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చే తెలుగువారికి విజయవాడే విదేశీ ఆసుపత్రి. పళ్లు, కళ్లు, మాస్టర్ హెల్త్ చెకప్ అన్నీ సెలవుల్లోనే పూర్తిచేసుకుని వెళ్లాలన్న తొందర వారిది. పంటి ఇంప్లాంటు దవడ ఎముకలో పట్టు బిగించడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, ఆ తర్వాతే పైన తొడుగు పెడతారు. ఎముక గట్టిగా ఉన్న కొందరిలో వెంటనే పెట్టే పద్ధతులున్నాయి. అందరికీ అవి కుదరవు. మూడు వారాల సెలవులో అంతా అయిపోవాలని రోగి పట్టుబడితే, కుదరదని చెప్పే డెంటిస్టు కంటే కుదురుతుందని చెప్పే డెంటిస్టు దగ్గరికే వెళ్తారు. డల్లాస్‌లో ఇంప్లాంటు కదిలితే అక్కడి డెంటిస్టు ముందడిగేది ఏ కంపెనీ, ఏ సైజు అని. మళ్లీ ఆ స్టిక్కరే.

చట్టం ఎంతవరకు?

వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. 2019 చట్టం ప్రకారం బాధితుడు తానుండే ఊళ్లోనే, అంటే గుంటూరు లేదా విజయవాడ కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడి ఏజెంటు మీదైతే ఇది పనికొస్తుంది. విదేశీ ఆసుపత్రి మీద తీర్పు తెచ్చుకున్నా అమలు చేయించుకోవడం మాత్రం చాలా కష్టం. పైగా సంతకం పెట్టించుకునే కాగితాల్లో వివాదాలు తమ దేశ కోర్టుల్లోనే అన్న షరతు ఉంటుంది. ఆ కాగితాలను విమానం ఎక్కడం, దిగడం, ఆపరేషన్ హడావుడిలో కాకుండా బయల్దేరే ముందే తెప్పించుకుని చదవాలి.

కిడ్నీ మార్పిడి విషయం పూర్తిగా వేరు. డబ్బిచ్చి అవయవం కొనడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం, 2008 నాటి ఇస్తాంబుల్ ప్రకటన అంతర్జాతీయంగా దీన్ని ఖండించింది. కిడ్నీల కోసం మనుషుల్ని ఇరాన్‌కు తీసుకెళ్తున్నారన్న కేసు 2024లో కొచ్చిలో బయటపడి ఎన్ఐఏ దాకా వెళ్లింది. దాత ఏర్పాటు కూడా తామే చూసుకుంటామని ఎవరైనా అంటే అక్కడితో మాటలు ఆపేయాలి.

వెళ్లడం నిజంగా అవసరమైనప్పుడు

ఆఖరి ఆశతో బయల్దేరేవారికి ఈ జాగ్రత్తలన్నీ చిన్నవిగా అనిపించడం సహజం. కండరాల క్షీణత, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు మూలకణాల చికిత్స పేరుతో వచ్చే ప్రకటనలు వారి బాధనే లక్ష్యంగా చేసుకుంటాయి. అరుదైన నాడీ జబ్బున్న ఇజ్రాయెల్ బాలుడికి మాస్కోలో పిండ మూలకణాలు ఎక్కించగా, కొన్నేళ్లకు మెదడులో, వెన్నులో ఆ దాత కణాల నుంచే కణితులు పెరిగాయని 2009లో వైద్య పత్రికలో వచ్చింది. నమోదైన క్లినికల్ ట్రయల్‌లో రోగి దగ్గర చికిత్సకు లక్షలు వసూలు చేయడం సాధారణంగా ఉండదు. డబ్బు అడుగుతున్నారంటే అది పరిశోధనా, అమ్మకమా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇక్కడ లేని వైద్యం అక్కడ నిజంగానే ఉండే సందర్భాలూ లేకపోలేదు. కానీ ఆ జాబితా ఏటా చిన్నదవుతోంది. క్యాన్సర్‌కు ప్రోటాన్ థెరపీ కోసం ఒకప్పుడు సముద్రాలు దాటాల్సి వచ్చేది. 2019 నుంచి అది చెన్నైలోనే దొరుకుతోంది, విజయవాడ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. కాబట్టి టికెట్ కంటే ముందు కావాల్సింది రెండో అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆపరేషన్ అమ్ముకోవాల్సిన అవసరం లేని డాక్టరుదైతే మంచిది. మంగళగిరి ఎయిమ్స్ ఉంది, వేలూరు ఉంది, హైదరాబాద్ ఉంది.

అయినా వెళ్లాలనే నిర్ణయిస్తే, తిరిగొచ్చాక చూడబోయే డాక్టరును వెళ్లేముందే కలవాలి. వేరొకరు చేసిన ఆపరేషన్‌లో తేడా వస్తే ఆ కేసు చేతిలోకి తీసుకోవడానికి సర్జన్లు జంకుతారు. లోపల ఏం చేశారో తెలియదు, నింద తమ మీదికి వస్తుందేమోనన్న భయం ఉంటుంది. ముందే ఫైల్ చూపించి, విదేశీ సర్జన్‌తో ఒక్కసారి వీడియోలో మాట్లాడించి, కుట్లు తీసేది, మందులు మార్చేది, జ్వరం వస్తే చూసేది ఎవరో తేల్చుకుంటే ఆ జంకు పోతుంది. స్థానిక డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడటానికి విదేశీ సర్జన్ ఒప్పుకోకపోతే, ఆపరేషన్ తర్వాత అర్ధరాత్రి గుంటూరు నుంచి వెళ్లే ఫోన్ ఆయన ఎత్తుతారని అనుకోవడానికి ఆధారం లేదు.